అద్దం నాచారంలో ఉన్న సాయంత్రం

దయ్యాల కబుర్లు మొదలైతే మధ్యలో లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయే మనిషిని నేను. భయపడి కాదు, విసుగు పుట్టి. రామంతాపూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో రిటైరయ్యేదాకా ఫిజిక్స్ చెప్పాను. ల్యాబులో గజ్జెల చప్పుడు వస్తోందని మా అటెండరు సెలవు పెడితే, సీలింగ్ ఫ్యానుకు నూనె వేయించి అతన్ని మళ్ళీ డ్యూటీకి పిలిపించాను. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఇంకొకరు రాసి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

నమ్మమని ఎవరినీ అడగను. నేను చూసింది, విన్నది మాత్రం కల్పించకుండా చెబుతాను.

తొంభైల్లో ఉప్పల్‌లో మాకొక ఖగోళ క్లబ్బు ఉండేది. రైల్వే ఉద్యోగులు, ప్రభుత్వ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు, నాచారం ఫ్యాక్టరీల సూపర్‌వైజర్లు, నాలాంటి లెక్చరర్లు, అంతా కలిపి ఒక చిన్న గుంపు. ఒక స్కూలు మేడ మీద రేకుల షెడ్డు వేసుకున్నాం. దాని పైకప్పు పట్టాల మీద పక్కకు జరిగేది. ఆ షెడ్డులో మా పెద్ద టెలిస్కోపు ఉండేది.

పేరుకు అది క్లబ్బుది, అసలు మాత్రం మూర్తిగారిది. ఆయన రాజమండ్రి వైపు మనిషి, రైల్వేలో రిటైరై ఉప్పల్‌లోనే స్థిరపడ్డారు. టెలిస్కోపు అడుగున ఉండే పెద్ద అద్దాన్ని కొని తెచ్చింది కాదు, ఆయనే తన వరండాలో పీపా మీద గాజుబిళ్ళ పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ ఏళ్ళ తరబడి అరగదీసి తయారుచేశారు. ఆ రోజుల్లో ఆయన్ను పలకరించడానికి పోయిన చుట్టాలు కూడా కాసేపు గాజు అరగదీసి వచ్చేవారని చెప్పుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి, తక్కిన కథంతా దాని మీదే నడుస్తుంది. మా టెలిస్కోపు అంటే మనిషి కన్నా పొడుగైన గొట్టం. అడుగున పదహారు అంగుళాల గుండ్రటి అద్దం, పళ్ళెంలా కొద్దిగా గుంటగా ఉంటుంది. వెలుతురు గొట్టంలోకి దిగి ఆ అద్దం మీద పడి, పైకి లేచి, మూతి దగ్గరున్న చిన్న అద్దానికి తగిలి పక్కకు తిరిగి మన కంటికి వస్తుంది. అడుగున ఆ పెద్ద అద్దం లేకపోతే మిగిలేది ఖాళీ గొట్టమే. అందులోంచి చంద్రుడూ కనబడడు, ఎదురింటి డాబా కూడా కనబడదు.

ఆ అద్దం మీద ఉండే పల్చటి అల్యూమినియం పూత అప్పటికి బాగా పాడైపోయింది. ఉప్పల్ దుమ్ము, నాచారం ఫ్యాక్టరీల పొగ కలిసి దాన్ని తినేశాయి. లైటుకు పట్టి చూస్తే చిల్లుల జల్లెడలా ఉండేది. ఆ ఏడాది వేసవికి ముందే పెద్ద తోకచుక్క ఒకటి సాయంత్రాలు మామూలు కంటికే కనబడుతుందని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఊరు ఊరంతా మా మేడ ఎక్కబోతోంది. వాళ్ళకు ఈ మసక అద్దంలో ఏం చూపించాలని మా దిగులు.

పూత కొత్తగా వేయించాలంటే అద్దాన్ని విప్పి, పాత పూతను మందు నీళ్ళతో కడిగి, ఫ్యాక్టరీకి తీసుకుపోవాలి. ఆ మాటెత్తితే మూర్తిగారు వచ్చే ఏడు చూద్దామనేవారు. అద్దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. దుమ్ము దులపడం కూడా ఆయనే. ఒకసారి గట్టిగా అడిగితే, "ఆ అద్దం మెట్లు దిగిన రోజే నా ప్రాణం పోతుందమ్మా, తెలిసి అడుగుతున్నావా" అన్నారు. సరదాకి అన్న మాట కాదు అది. ఆ చలికాలంలోనే ఆయనకు గుండెపోటు వచ్చి తగ్గింది. ఒక కంటికి శుక్లం ఆపరేషను కూడా అయింది. ఉద్రేకపడకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

ఫిబ్రవరిలో ఆయన కాజీపేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళారు. ఆయన తిరిగి వచ్చేలోపు పూత వేయించి, అద్దాన్ని యథాస్థానంలో పెట్టేద్దామని మేము అనుకున్నాం. మేము అంటే ముగ్గురం. క్లబ్బు ప్రెసిడెంటు నర్సింగ్ అన్న, నేను, మా ఆయన సుధాకర్. మా ఆయన నాకు మేనబావ, చిన్నప్పటి నుంచి బావా, నువ్వు అనే పిలుపే. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బండ్ల హెడ్‌లైట్లకు లోపల మెరుపు పూత వేసే చిన్న కంపెనీ ఒకటి ఆయనకు తెలుసు. వాళ్ళు తమ పని అయ్యాక సాయంత్రం మా అద్దానికి వేసి పెడతామన్నారు.

అద్దం విప్పిన రోజు మా ముగ్గురికీ అన్నం సహించలేదు. ఇరవై కిలోల గాజు. జారితే అంతే సంగతులు. ఇంకో చిక్కు కూడా ఉంది. అద్దం తీసేస్తే గొట్టం అడుగు తేలికైపోయి, మూతి భాగం ధడాలున కిందికి వాలుతుంది. దానికి మా ఆయన ఒక ఉపాయం చేశాడు. మా ఇంట్లో బియ్యం సంచిని అద్దం బరువుకు సరిగ్గా తూచి, అద్దం ఉండే చోట పెట్టి తాళ్ళతో బిగించాడు. పైన నల్లగుడ్డ కప్పాడు. చేత్తో కదిపితే టెలిస్కోపు ఎప్పట్లాగే మెత్తగా తిరిగింది. తీసినట్టు ఎవరికీ తెలియదని మురిసిపోయాడు. నెలాఖరు దాకా ఇంట్లో బియ్యం లేవు, ఆ మురిపెం సంగతి నన్నడగండి.

అద్దాన్ని మా అమ్మ కుట్టిన బొంతలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నాచారం తీసుకుపోయాడు. ఉప్పల్ గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా డ్రైవరును బతిమాలాడట. పెట్టెలో ఏముందని డ్రైవరు అడిగితే, చంటిపిల్ల అన్నాడట.

పూత వేసే రోజు శనివారం. మా ఆయన మధ్యాహ్నమే నాచారం వెళ్ళాడు. అవసరం పడుతుందని ఆ ఫ్యాక్టరీ ఫోను నంబరు నాకు బట్టీ పట్టించి వెళ్ళాడు. అద్దం ఎలాగూ లేదు కదా అని, నేనూ నర్సింగ్ అన్నా మేడ మీద మిగతా మరమ్మతులు పెట్టుకున్నాం. పైకప్పు చక్రాలకు గ్రీజు పెట్టడం, గొట్టం తిరిగే బేరింగులు కడగడం. ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు. పడమట నెలవంక కనబడుతోంది.

మెట్ల మీద చేతికర్ర చప్పుడు వినబడింది.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నర్సింగ్ అన్న చేతిలో గ్రీజు డబ్బా అలాగే పట్టుకుని నా ముఖం చూశాడు. "చెల్లే, సార్ వచ్చిండు. ఇగ అయిపాయె మన పని" అన్నాడు గొంతు తగ్గించి.

మనవరాలికి అమ్మవారు పోసిందట. గుండె జబ్బు మనిషి ఆ ఇంట్లో ఎందుకని కూతురే మధ్యాహ్నం బండి ఎక్కించి పంపేసిందట. ఇంటికి పోయి సంచీ పడేసి నేరుగా మేడకు వచ్చారు మూర్తిగారు. మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడి, "నెలవంక బాగుందమ్మా. ఒక్కసారి చూసి పోతాను" అన్నారు.

గ్రీజు పచ్చిగా ఉందన్నాను. రేపు చూద్దాం సార్ అన్నాను. నర్సింగ్ అన్న అయితే టీ తాగి వద్దాం రండని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేశాడు. ఆయన వినలేదు. షెడ్డులోకి వెళ్ళి గొట్టం మీద చెయ్యి వేశారు.  చెయ్యి బరువుకు గొట్టం మెత్తగా కదిలింది. బియ్యం సంచి తన పని తాను చేసింది. ఆయనకు అనుమానం రాలేదు. చంద్రుడి వైపు తిప్పి, స్టూలు మీద కూర్చుని, ఆపరేషను కాని కన్ను పెట్టారు.

ఆ క్షణంలో నా ధ్యాసంతా ఆయన జేబులోని మాత్రల మీదే ఉంది. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేవి. చీకటి తప్ప ఏమీ కనబడదు, అద్దం ఏదని అడుగుతారు, ఆ తర్వాత ఏమవుతుందో. ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను.

ఆయన ఫోకసు మరను అటూ ఇటూ తిప్పుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "ఇది చంద్రుడు కాదే" అన్నారు.



"ఎవరో తొంగి చూస్తున్నారు. పైనుంచి గొట్టంలోకి మొహం పెట్టారెవరో. దిగమనండి" అన్నారు.

గొట్టం మూతి దగ్గర ఎవరూ లేరు. నర్సింగ్ అన్న ఇంకో స్టూలెక్కి మూతిలోకి చూసి వచ్చాడు. "ఎవ్వరు లేరు సార్, మేమిద్దరమే ఉన్నం" అన్నాడు. నేను ఆయన కంటికేదో అయిందనుకున్నాను. రైలు ప్రయాణం, ఆయాసం, మెట్లు. చెప్పొద్దూ, ఒక పక్క హాయిగా కూడా అనిపించింది. అద్దం సంగతి బయటపడలేదు కదా అని.

"మీ ఆయనమ్మా. సుధాకరే. తలకిందులుగా ఉన్నాడు, అయినా పోల్చుకోగలను" అన్నారు. మా టెలిస్కోపులో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది, అందులో వింత లేదు. "కళ్ళజోడు లేదేం ఇతనికి. తలకు ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు చుట్టుకున్నాడు. ఏదో తుడుస్తున్నాడు."

మా ఆయన నిద్రలో తప్ప కళ్ళజోడు తీయడు. మా ఇంట్లో ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు లేదు. పెద్దాయన ఏదేదో మాట్లాడుతున్నారని తేలికపడి, లేవదీద్దామని భుజం పట్టుకున్నాను.

అప్పుడన్నారు ఆ మాట. "అతని వెనకాల నల్లగా, గుండ్రంగా ఏమిటది? ఇందాక గిన్నె మూతంత ఉంది. పెద్దదవుతోంది. పళ్ళెమంత అయింది."

ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన పాఠం నాకే ఎదురు తిరిగింది. కదలకుండా చూస్తున్న కంటికి ఒక వస్తువు పెద్దదవుతోందంటే, అది దగ్గరికి వస్తోందని అర్థం. నాచారంలో ఆ అద్దం వెల్లకిలా పడుకుని పైకి చూస్తుంటే, పైనుంచి ఏదో కిందికి దిగుతోందని అర్థం. అంత పిచ్చి లెక్క నా బుర్రలోకి ఎలా వచ్చిందో తెలియదు. 

ఆయన్ను పక్కకు జరిపి నేను కన్ను పెట్టాను. నలుపు. నల్లగుడ్డ, దాని కింద మా ఇంటి బియ్యం. ఇంకేమీ లేదు. అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆగిపోతారు. నా కాళ్ళు మాత్రం అప్పటికే మెట్ల మీద ఉన్నాయి.

స్కూలు గేటుకు ఎదురుగా మందుల షాపులో ఫోను ఉండేది. అడగకుండానే రిసీవరు లాక్కున్నాను. మొదటిసారి ఎంగేజ్ వచ్చింది. రెండోసారి మోగింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. షాపతను ఏమైందమ్మా అంటున్నాడు. పెట్టేద్దామని అనుకుంటుండగా అవతల ఎవరో రిసీవరు ఎత్తారు. హలో అనలేదు. ఆ మరుక్షణమే ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, నా చెవి గింగురుమంది. తర్వాత ఏదో కింద కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

మళ్ళీ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్.

నర్సింగ్ అన్న స్కూటరు తీశాడు. మూర్తిగారిని వాచ్‌మన్‌కు అప్పజెప్పాడట, నాకు గుర్తులేదు. హబ్సిగూడ మీదుగా నాచారం బయల్దేరాం. ఆ దారి రోజూ పోయే దారే. ఆ రోజు ప్రతి లారీ మాకు అడ్డమే వచ్చింది. నాచారం రోడ్డులో షిఫ్టు దిగిన జనం సైకిళ్ళతో రోడ్డంతా నిండిపోయారు. అన్న హారను మీద నుంచి చెయ్యి తీయలేదు.

దారిలో ఉన్న దవాఖానా గేటు ముందు నుంచి పోతున్నప్పుడు లోపలికి మెడ తిప్పి చూశాను. ఎవరినైనా మోసుకొస్తున్నారా అని. ఒక ముసలామె పండ్ల సంచీతో బయటికి వస్తోంది, అంతే. నన్ను నేనే తిట్టుకున్నాను. కంటి ఆపరేషనైన పెద్దాయన ఏదో అంటే పరుగెత్తుకొచ్చావు, ఇక జన్మంతా బావ నిన్ను ఏడిపిస్తాడు, చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు అనుకున్నాను. ఏడిపించనీ అనుకున్నాను. రోజూ ఏడిపించనీ. నేనెవరినీ మొక్కే మనిషిని కాదు, ఆ దారంతా మాత్రం ఆ ఒక్కటే కోరుకున్నాను.

ఫ్యాక్టరీ గేటు తీసే ఉంది. షెడ్డు మెట్ల మీద యూసుఫ్ భాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. పూత మిషను నడిపేది ఆయనే, నేను అంతకు ముందు ఒకసారి చూశాను. నన్ను చూసి లేచాడు.   ఏది అడగాలో దాన్ని అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది.

లోపలి నుంచి మా ఆయన బయటికి వచ్చాడు.

మనిషి కన్నా ముందు నేను చూసింది తల. తలకు ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు చుట్టుకుని ఉంది. ముఖానికి కళ్ళజోడు లేదు.

నేను పోయి ఆ తువ్వాలు లాగి కింద పడేశాను. "ఇదెందుకు కట్టుకున్నవ్? ఎవలు కట్టుకోమన్నరు?" అని అరిచాను. ఆయన బిత్తరపోయాడు. "చెమట చుక్క అద్దం మీద పడ్తదని యూసుఫ్ భాయ్ ఇచ్చిండు. వంగితే జారి పడ్తదని కళ్ళజోడు తీసి పెట్టిన. ఏమైంది విజయా, ఎట్ల తెలిసింది నీకు?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. నర్సింగ్ అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు.

జరిగింది తర్వాత విడివిడిగా ఇద్దరినీ అడిగి తెలుసుకున్నాను. పూత వేసే మిషనంటే ఒక ఇనుప పీట, దాని మీద బోర్లించే పెద్ద ఉక్కు డ్రమ్ము. డ్రమ్ములోంచి గాలంతా లాగేసి లోపల పూత వేస్తారు. డ్రమ్మును పైకెత్తడానికి దూలానికి గొలుసు, కప్పీ ఉంటాయి. అద్దాన్ని పీట మీద వెల్లకిలా పెట్టి, డ్రమ్మును పైన వేలాడదీసి, మా ఆయన అద్దం మీదకు వంగి ఆఖరి దుమ్ము తుడుస్తున్నాడు. యూసుఫ్ భాయ్ ఆ పక్క పంపు దగ్గర ఉన్నాడు. గొలుసు పట్టు కొద్దికొద్దిగా జారుతోంది. పంపు హోరులో ఎవరికీ వినబడలేదు. వంగి ఉన్న మనిషికి వెనక ఏముందో ఎలా కనబడుతుంది?

"ఆఫీసుల ఫోను ఒకటే మోగుతుంది, ఎవ్వరు ఎత్తుతలేరు. చెవులు పలిగిపోతున్నయని లేచి పోయిన. రిసీవరు ఎత్తిన్నో లేదో ఎనుక నుంచి ధడేలుమన్నది. చేతిల నుంచి ఫోను జారి కింద పడ్డది" అన్నాడు మా ఆయన.

డ్రమ్ము సూటిగా కిందికి దిగి పీట మీద కూర్చుంది, కోడిపిల్లల మీద గంప బోర్లించినట్టు. దాని అంచు మందం చూశాను. ఆ అంచు కూర్చున్న చోట కాసేపటి క్రితం దాకా మా ఆయన మెడ ఉంది. యూసుఫ్ భాయ్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంది అందుకే.

అద్దం సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు. అందరికన్నా ముందు నర్సింగ్ అన్నే అడిగాడు. ఇంకో గొలుసు తెప్పించి డ్రమ్మును పైకెత్తుతుంటే, ఈసారి ఎవరూ దగ్గరికి పోలేదు. అద్దం పీట మధ్యలో వెల్లకిలా అలాగే ఉంది. గీత పడలేదు. పూత కడిగేసిన వట్టి గాజు అది, అడుగున ఇనుప పీట మసగ్గా కనబడుతోంది. ఆ గాజులో నా ముఖమే సరిగ్గా తెలియలేదు.

మేము ఉప్పల్ తిరిగి వచ్చేసరికి మూర్తిగారు ఇంటికి వెళ్ళిపోయారు. కన్ను అలిసిపోయిందని, ఇక రేపు చూస్తానని వాచ్‌మన్‌తో చెప్పి వెళ్ళారట. మర్నాడు ఆయనకు జ్వరం తగిలింది. మాకది కలిసొచ్చింది. గొలుసు మార్పించి, మా ఆయన్ను గుమ్మం దాటనివ్వకుండా, యూసుఫ్ భాయ్ చేతే పూత వేయించాం. అద్దం మేడ ఎక్కింది. బియ్యం ఇంటికి వచ్చాయి. వండాలంటే కొన్నాళ్ళు నాకు మనసొప్పలేదు, ఆ తర్వాత వండాను.

తోకచుక్క వచ్చింది. జనం మెట్ల మీద బారులు తీరారు. మూర్తిగారు కన్ను పెట్టి చూసి, "మా గాజు పడుచుదైపోయిందమ్మా" అని మురిసిపోయారు. కొత్త పూత గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. తెలిసి ఊరుకున్నారో, తన శుక్లాల ఆపరేషను మహిమ అనుకున్నారో నేను చెప్పలేను.

ఆ రోజే మా ఆయన్ను దగ్గరికి పిలిచి, "గొట్టంలోకి అలా తొంగి చూడకూడదోయ్. అయినా చెమట పడకుండా తలకు గుడ్డ కట్టుకున్నావు చూడు, అది నచ్చింది. అద్దాన్ని ముట్టుకునేవాడికి ఉండాల్సిన బుద్ధి అది" అని వీపు తట్టారు. మా ఆయన నా వైపు చూశాడు. ఆ తువ్వాలు చెమట కోసమన్న సంగతి మేము బయట ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన వాదన ఆయనకుంది. కన్ను పెట్టగానే అద్దం లేదని పెద్దాయనకు తెలిసిపోయిందట. "మనల్ని జర బెదిరిద్దామని కథ అల్లిండు. పూత మిషను ఎక్కడైనా గట్లనే ఉంటది, డ్రమ్ము ఉంటది, గొలుసు ఉంటది. అంచనా కొట్టిండు, తగిలింది" అంటాడు. ఆ వాదన నేనూ చేసి చూశాను. రైల్వేలో గొలుసులతో, కప్పీలతో పనిచేసిన మనిషి. అద్దం ఎక్కడికి పోయి ఉంటుందో ఊహించవచ్చు. భయం కొద్దీ చెప్పి ఉండవచ్చు. అంతదాకా ఒప్పుకుంటాను. ఆకుపచ్చ గళ్ళ దగ్గర ఆగిపోతాను. యూసుఫ్ భాయ్ ఆ తువ్వాలు తన మెడలోంచి తీసి ఇచ్చింది, మూర్తిగారు మా మెట్లెక్కుతున్న వేళకు కాస్త ముందే.

నిజంగా బెదిరించాలనుకుని ఉంటే తర్వాత ఒక్కసారైనా నవ్వేవారు. ఆయన నవ్వలేదు. కొన్నేళ్ళ తర్వాత నిద్రలోనే పోయారు. అద్దం మెట్లు దిగిందని మేము చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ అద్దానికి మళ్ళీ మళ్ళీ పూత వేయించాల్సి వచ్చింది. ప్రతిసారీ అదే పద్ధతి. అద్దం విప్పడం, బియ్యం సంచి కట్టడం, నల్లగుడ్డ కప్పడం. ఆ రోజు నేను మేడ దిగను. స్టూలు మీద కూర్చుని ఖాళీ గొట్టానికి కన్ను పెట్టి ఉంటాను. అంచనా కొట్టిండని వాదించే మా ఆయన, అద్దం పెట్టె ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడి, "విజయా, సూస్తున్నవా" అని అడుగుతాడు. చూస్తున్నా అంటేనే కాలు కింద పెడతాడు. నాచారం నుంచి పనైపోయిందని కబురు వచ్చేదాకా నేను లేవను.

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు అదేదో అవసరమైన పరీక్ష అనుకుంటారు. కొందరు నేర్చుకుంటామని పక్కన కూర్చుంటారు. మొన్నామధ్య ఒకమ్మాయి, "అద్దం లేకుండ ఏం కనబడ్తది మేడమ్?" అని అడిగింది.

ఏమీ కనబడదమ్మా అన్నాను. మరి ఎందుకు చూస్తున్నరంది.  కన్ను తీయకుండానే, నలుపు నలుపుగానే ఉందా లేదా అని చూస్తున్నానన్నాను.